లగన్‌లో ఆరిన మంచునది

ఒమన్‌లో మంచునది వదిలిపోయిన మట్టిని తవ్వేదానికి పోయినానని చెప్తే మా మబేలా రూమ్‌లో ఒక్కడూ నమ్మడు. ఏసీలు బాగుచేసేవాళ్లు, టైల్స్ అతికేవాళ్లు, ఎండ సంగతి ఎముకలకు తెలిసినవాళ్లు. "పెద్దాయనకు వడదెబ్బ తగిలినట్టుంది, ఎవరన్నా మజ్జిగ ఇయ్యండప్పా" అని నవ్వుతారు. నవ్వుకోనీ. నేను అయిదో తరగతిలోనే బడికి దండం పెట్టినవాణ్ణి. ఆ తర్వాతి చదువంతా శనక్కాయల పొట్లాల మీద, పాత పేపర్ల మీద, పక్కన డిక్షనరీ పెట్టుకుని సాగింది. బడిలో నేర్చుకున్నవాళ్లు పరీక్ష కాగానే మరిచిపోతారు. నాలాగా నేర్చుకున్నవానికి మరుపు రాదు. అదే నాకొచ్చిన రోగం.

సంగతి నిజమే. హైమా అనే ఊరు దాటి తూర్పుకు పోతే హుక్ఫ్ అని ఒక బీడు ఉంది. ఒంటెలు కూడా ఆలోచించుకుని అడుగు వేసే చోటు. కోట్ల ఏండ్ల కిందట ఆ నేల మీద మంచునది పాకిందంట. నది అంటే నీళ్లు కాదు, కొండంత మంచుగడ్డ. దోవలోని బండల్ని, గుట్టల్ని పిండి చేసి, ఆ పిండిని ఈడ్చుకొచ్చి ఇక్కడ పారబోసి కరిగిపోయింది. పోతూ పోతూ కింది రాతి మీద గీతలు గీసి మరీ పోయింది. ఆ గీతల మీద నేను చెయ్యి పెట్టి చూసినాను. ఇడ్లీ పెట్టి ఆవిరి పట్టేంత వేడి ఉంది రాయి. మంచు గీసిన గీతలు! దేవుడికి కూడా ఎగతాళి చేసే గుణం ఉంది.

ఆ పిండిలో ఏ లోహమన్నా జాడ తగిలితే, మంచు వచ్చిన దోవన వెనక్కి పోయి, అది ఎక్కడి నుంచి ఈడ్చుకొచ్చిందో ఆ చోట గని తవ్వచ్చు. లెక్క అది. అందుకని మా కంపెనీ మంచుదేశం నుంచి ఒక డాక్టరును పిలిపించింది. సూది వేసే డాక్టరు కాదు, రాళ్ల డాక్టరు. ఎర్రగా, పొడుగ్గా, మర్యాదగా ఉండేవాడు. వచ్చిన రెండో రోజుకే ముక్కు తోలు ఊడింది. ఆయన వెంట మంచుదేశంలోనే రాసిన ఒక పుస్తకం వచ్చింది, మట్టి ఎట్లా తియ్యాలో చెప్పే పుస్తకం. ఆ పుస్తకం నేనూ చదివినాను, ఎవరూ చదవమనకుండానే. శాంపిల్ గడ్డకట్టకుండా చూసుకోమని రాసి ఉంది. ఎలుగుబంటి కనిపిస్తే పరిగెత్తవద్దని రాసి ఉంది. ఎలుగుబంటి సంగతేమోగానీ, మేము అసలే పరిగెత్తే స్థితిలో లేము.

నేను ఆ క్యాంప్‌లో డ్రైవర్ని, స్టోర్ కూడా నాదే. ఎక్కడికక్కడ గుంట తీసి, సంచిలో పోసి, చీటీ కట్టి, మళ్లీ బండెక్కి, చాలా దూరం పోయి ఇంకో గుంట. మొత్తం ప్రాంతమంతా అట్లా చుట్టబెట్టాల. మొదటి రోజు పొద్దున డాక్టరు మమ్మల్నందర్నీ వరసగా నిలబెట్టి, ఒంటి మీద లోహమనేది ఏదీ ఉండకూడదన్నాడు. ఉంగరం రాసుకున్నా మట్టిలో కలిసి లెక్క తప్పుతుందంట. ముందు ఆయనే తన పెళ్లి ఉంగరం తీసినాడు, సబ్బు రాసుకుని, బాధపడుతూ. నేను నా రాగి కడియం తీసినాను. వెండి మొలతాడు ఒకడు, తాయెత్తు ఒకడు. అన్నీ ఒక సంచిలో వేసి గుడారం గుంజకు వేలాడదీసినాము. ఆ సంచిని చూసినప్పుడల్లా నాకు గుండు చేయించుకున్నట్టు ఉండేది. సరే, శాస్త్రం కదా, గమ్మునున్నాను.

ఒక్క మనిషి మాత్రం వరసలో నిలబడలేదు. మట్టి ముట్టే పని ఆయనది కాదు. మా వంటాయన. మా కడప ఆయనే, ఇంట్లో దక్కనీ ఉర్దూ, నాతో మా సీమ తెలుగు. ఆయన నన్ను అన్నా అనేవాడు, నేను భాయ్ అనేవాణ్ణి. మనిషి సన్నగా ఉంటాడుగానీ ఆయన వెంట తెచ్చుకున్న లగన్ మాత్రం ఒక గది పట్టేది.

లగన్ ఎరగనివాళ్ల కోసం చెప్తాను. పెండ్లి వంటలకు వాడే రాగి పాత్ర. లోతు తక్కువ, వెడల్పు ఎక్కువ, చంటిబిడ్డను పండుకోబెట్టి పక్కన తల్లి కూడా పండుకోవచ్చు. రాగి మీద పులుసు తగిలితే చిలుం పడుతుంది కాబట్టి లోపలంతా తగరంతో కళాయి పూత వేస్తారు. ఆ పూతను మా వంటాయన తానే వేసుకునేవాడు. పొయ్యి మీద లగన్ కాల్చి, నవాసారం చల్లి, తగరం కడ్డీ రుద్ది, దూదితో తుడిచేవాడు. తుడిచినాక చూడాల, అద్దం కూడా సిగ్గుపడాల.

ఆ లగన్ ఆయన ఉస్తాద్‌ది, వంట నేర్పిన గురువుది. చేతులు వణకడం మొదలయినాక ఇంకెవరికీ ఇయ్యకుండా ఈయనకిచ్చినాడంట. "మా దాంట్లో అంతేనన్నా" అనేవాడు. "లగన్ ఉన్నోడు ఉస్తాద్. లేనోడు ఎంత బాగా వండినా ఇంకొకని కింద ఉల్లిగడ్డలు కోస్తా ఉండాల్సిందే." ఈ క్యాంప్ పని అయినాక పట్నంలో, హమ్రియాలో చిన్న గది తీసుకుని, శుక్రవారం దావత్‌లకు వండి పంపాలని ఆయన ఆశ. ఆ ఆశంతా ఆ లగన్‌లోనే ఉంది. అది పోతే ఆయన మళ్లీ ఉల్లిగడ్డల దగ్గరికే.

ఇప్పుడు మంచుదేశం పుస్తకం దగ్గరికి వస్తాను. మట్టిని నీళ్లతో జల్లెడ పట్టి, మెత్తటి పిండి మాత్రం తీసి, ఆరబెట్టాలని దాంట్లో ఉంది. మంచుదేశంలో మట్టి ఎట్లాగూ తడిగా ఉంటుంది. మాది సున్నంలాగా ఎండిన మట్టి. దాన్ని తడిపేదానికి హైమా నుంచి ట్యాంకర్‌లో మంచినీళ్లు వచ్చేవి. మేము స్నానానికి చెంబు నీళ్లు అడిగితే మేనేజరు ఫోన్‌లో లెక్చర్ ఇచ్చేవాడు. ఆరి ఉన్న మట్టిని తడిపి, తడిపిన మట్టిని ఆరబెట్టేదానికి మాత్రం ట్యాంకర్లు. ఈ మేనేజరు మన దేశపు మనిషే. పట్నంలో రువి ఆఫీసులో, ఏసీ గదిలో ఉండేవాడు. మామూలుగా ఇంగ్లీషు, కోపమొస్తే హిందీ.

ఆరబెట్టే పళ్లాలు కూడా మంచుదేశం నుంచే రావాల. ఇక్కడి పళ్లాలు పనికిరావంట, వాటి గుణం తెలియదంట. అవి వచ్చినాయి, వచ్చి పోర్ట్‌లో నిలిచిపోయినాయి. కాగితంలో ఏదో ముద్ర తక్కువ. జల్లెడ పట్టిన బురద మాత్రం డబ్బాల్లో పేరుకుపోతాంది. డాక్టరు తలపట్టుకుని క్యాంప్ అంతా తిరిగి, వంటగుడారం ముందు ఆగినాడు. లగన్ ఎండలో బోర్లా వేసి ఉంది. వంటాయన దాన్ని తిప్పి లోపల చూపించినాడు.

"స్టీలా?" అన్నాడు డాక్టరు.

"క్లీన్ సార్, ఫుల్ క్లీన్" అన్నాడు వంటాయన, ఆ యాస అర్థం కాకపోయినా మెచ్చుకుంటున్నాడని తెలిసి.

అంతే. ఉంగరాలన్నీ సంచిలో గుంజకు వేలాడతా ఉండగా, శాంపిల్ మట్టంతా లగన్‌లోకి పోయింది. అక్కడున్నవాళ్లం అందరం చూసినాము. ఎవరి తలలోనూ మెరవలేదు. కళాయి అనేది వంటింటి సంగతి, శాంపిల్ అనేది శాస్త్రం సంగతి. రెండూ ఒక గడప దాటతాయని ఎవడనుకుంటాడు?

అదీ చాలలేదు. రువి నుంచి మేనేజరు రోజూ ఫోన్. "అభీ తక్ సూఖా నహీ?" ఇంకా ఆరలేదా అని. ఎండలో ఆరేదానికి ఒక రోజు పడుతుందని డాక్టరు చెప్తే వినడు. చివరికి వంటాయనే జాలిపడి, "ఇట్లా అయితే ఎప్పుడు కావాలన్నా? సన్న సెగ పెడతా చూడు" అని, లగన్ కింద బొగ్గులు పరిచినాడు. మూత మీద కూడా నాలుగు బొగ్గులు. చుట్టూ గుడ్డ చుట్టినాడు, అలవాటు చొప్పున. కోట్ల ఏండ్ల మంచునది బురదను మేము దమ్ మీద పెట్టినాము. ఆరినాక అడుగంటిన దాన్ని గరిటెతో గీకి సంచుల్లో పోసినాము. గీకేటప్పుడు మంచి శబ్దం వచ్చేది.

కొన్నాళ్లకు లాబ్ నుంచి ఫలితాలు వచ్చినాయి. తగరం! ఒక గుంటలో కాదు, ఒక వాగులో కాదు, ప్రాంతమంతా తగరం. డాక్టరు ఆ మ్యాపు చూసి సంతోషపడలేదు. "ఇంత సమానంగా ఏ మంచూ పంచదు" అని గొణిగినాడు. మేనేజరు మాత్రం రువి నుంచి కార్లో దిగినాడు, వెంట కంపెనీ యజమానిని, మేము అర్బాబ్ అంటామే, ఆ పెద్దాయన్ని తీసుకుని. ఆ రోజు మేనేజరు ఇచ్చిన ఉపన్యాసం నాకు ఇప్పటికీ నోటికి వస్తుంది. ఈ ఎడారి గర్భంలో నిద్రపోతున్న తగరాన్ని తానే లేపినట్టు మాట్లాడినాడు. విందు కూడా చేసినాము. పొట్టేలు బిర్యానీ. ఏ పాత్రలో వండినామో మళ్లీ చెప్పాల్నా? తగరం దొరికినందుకు తగరంలోనే వండుకుని తిన్నాము. అర్బాబ్ వేళ్లు నాక్కుని వంటాయన భుజం తట్టినాడు.

మంచుదేశం పుస్తకాన్ని నేను ఎంత తిట్టినా, దాంట్లో ఒక మంచి మాట ఉంది. ప్రతి కట్టలోనూ ఏమీ లేని శుభ్రమైన ఇసుక ఒక సంచి పెట్టాల, దాన్నీ మిగతా మట్టిలాగానే కడిగి, ఆరబెట్టి పంపాల. అది పుట్టు అమాయకురాలు కాబట్టి, దాంట్లో ఏమన్నా కనబడితే తప్పు మన చేతిదే. డాక్టరు ఆ ఇసుక ఫలితం వెతికి తీసినాడు. దాంట్లో కూడా తగరం! ఆయన లేచి నేరుగా వంటగుడారానికి పోయి, లగన్ లోపల గోటితో గీరి చూసినాడు. తర్వాత తానే రువికి ఫోన్ చేసి, తప్పు తనదని, పాత్ర గుణం తెలుసుకోకుండా తానే వాడమన్నానని చెప్పినాడు. అంతటి మర్యాద నేను ఆఫీసుల్లో చూసి ఎరగను.

ఆఫీసుకు మర్యాద ఎక్కుతుందా? డాక్టరు తప్పంటే ఆయన్ని పిలిపించినవాళ్ల తప్పు. మేనేజరు తొందర అంటే మేనేజరు తప్పు. వెతికి వెతికి చివరికి వంటాయన దగ్గర ఆగినారు. వంటవాడు తన గిన్నెతో కంపెనీ మట్టిని పాడుచేసినాడు! దానికి రుజువుగా లగన్ అడుగు నుంచి అరచేయంత ముక్క కోసి లాబ్‌కు పంపాల. దాంట్లోని తగరం, మట్టిలోని తగరం ఒకటేనని తేలితే వంటాయనకు ఇంటికి టికెట్.

"మళ్లీ గుంటలు తీసి, వేరే పళ్లాల్లో ఆరబెడితే అదే తేలిపోతుంది కదా సార్?" అని నేను అడిగితే, "నేనూ అదే అడిగినాను, సీజన్ అయిపోయింది, డబ్బు లేదు అన్నారు" అన్నాడు డాక్టరు. పూత మాత్రం గీకి పంపకూడదా అని కూడా అడిగినాను. గీకితే కత్తి ఇనుము కలుస్తుందంట, రాగితో సహా కావాలంట. ఆయనకూ ఆ ముక్క కావాల. వంటాయన మీద కోపంతో కాదు, లేని తగరం మ్యాపులో నిలబడిపోతుందని భయంతో. నిజం కోసం అడుగుతున్న మనిషితో కొట్లాడేది ఎట్లా? ఆఫీసుతో అయితే నాకు అలవాటే.

వంటాయనకు నేనే చెప్పినాను. ఉల్లిగడ్డలు కోస్తా ఉన్నాడు.

"అరచేయంతేనా అన్నా?"

"అంతే. తర్వాత రాగి ముక్క పెట్టి అతికించుకోవచ్చేమో."

"నక్కో అన్నా, వద్దు. అతుకు పెట్టిన లగన్‌లో దమ్ నిలవదు. అతుకు కాడ మాడతాది. మనిషి గుండెలో అరచేయంత కోసి, మిగతాది నువ్వే పెట్టుకో అంటారా ఎవరన్నా?" కొంచెంసేపు కత్తి ఆడించి, "నన్ను పంపించమను. లగన్‌ను కొయ్యవద్దను" అన్నాడు.

నేను మేనేజరుకు ఫోన్ చేసినాను. అర్బాబ్ నాక్కున్న వేళ్ల సంగతి గుర్తు చేసినాను. బురద ఆరలేదా, ఆరలేదా అని ఎవరు పోరినారో కూడా గుర్తు చేసినాను. "బుడ్ఢా, అప్నా కామ్ కర్" అన్నాడు. ముసలోడా, నీ పని నువ్వు చూసుకో అని. అంటే హిందీకి దిగినాడన్నమాట. అక్కడితో నా రాయబారం అయిపోయింది.

ఆ వారంలోనే పొద్దున్నే మేనేజరు వచ్చినాడు, బండి వెనక గ్రైండర్ మిషన్ వేసుకుని. డాక్టరు, నేను వెంట నడిచినాము. వంటగుడారం ముందు పొయ్యి ఇంకా పొగ కక్కుతాంది. లగన్‌ను తెల్లటి గుడ్డ మీద వెల్లకిలా పెట్టినాడు వంటాయన. పొద్దుటి ఎండ దాంట్లో పడి మా ముగ్గురి కండ్లూ మూతలు పడినాయి. అప్పుడే వేసిన కళాయి. ఒక్క గీత లేదు, ఒక్క మచ్చ లేదు.

మేనేజరుకు ముందు అర్థం కాలేదు. డాక్టరుకు అర్థమయింది. అక్కడున్న బియ్యం మూట మీద కూర్చుండిపోయినాడు.

"పాత పూత ఏదీ?" అని అడిగించినాడు నా చేత.

వంటాయన పొయ్యి వైపు చూపించినాడు. కాల్చి తుడిచిన దూది అంతా బూడిద. కొత్త కడ్డీ పోయినసారి హమ్రియా పోయినప్పుడు కొనుక్కొచ్చిందే. ఏ మట్టిలోనూ పడని కొత్త తగరం. ఇప్పుడు ఎక్కడ కోసినా, ఏ లాబ్‌కు పంపినా, పాతదానికీ దీనికీ పొంతన కుదరదు.

"యే క్యా కియా తూనే?" అని మేనేజరు అరిచినాడు. ఏం చేసినావురా, సాక్ష్యం చెరిపినావు, పోలీసు, జైలు, అన్నీ వచ్చినాయి నోట్లోంచి. వంటాయన బెదిరిపోయినాడు. ఆయన చూపులో నాకు ఏ ఉపాయమూ కనబడలేదు. రాత్రి ఏడ్చిన కండ్లు. నా వైపు తిరిగి, నాకు మాత్రమే వినబడేట్టు అన్నాడు.

"కోస్తారని తెలుసు కదన్నా. పోయేటోళ్లకు స్నానం చేపించకుండా పంపుతామా? మసితో పంపితే నా ఉస్తాద్‌కు ఏం జవాబు చెప్పాల?"

ఈ మాట డాక్టరుకు ఇంగ్లీషులో చెప్పేదానికి నా పొట్లాల చదువు చాలలేదు. వచ్చిన మాటల్లో చెప్పినాను. ఆయన టోపీ తీసి తొడ మీద పెట్టుకున్నాడు.

మేనేజరు బండి చాటుకు పోయి రువికి ఫోన్ చేసినాడు. పోయినప్పుడు నల్లగా ఉన్న మొహం తిరిగి వచ్చేసరికి ఆ లగన్ కంటే ఎక్కువ మెరుస్తాంది. నాయనలారా, ఆఫీసు బుర్ర ఎట్లా పని చేస్తుందో చూడండి. లగన్ తప్పని రుజువు చేసే దారి పోయింది. లగన్ తప్పు కానప్పుడు మట్టిలో తగరం మట్టిదే. మట్టిదే అయినప్పుడు కంపెనీకి తగరం ఉన్నట్టే, మేనేజరు ఉపన్యాసం నిజమే, ఎవరి మీదా ఏ తప్పూ లేదు. నిన్నటిదాకా వంటాయన దొంగ కావాల్సి వచ్చింది. ఈ పొద్దు ఆయన దొంగ అయితేనే నష్టం. గ్రైండర్ మళ్లీ బండెక్కింది. "మధ్యాహ్నానికి బిర్యానీ చేస్తావా భాయ్?" అని మేనేజరు బతిమాలుకున్నాడు కూడా.

వంటాయన చేసినాడు. డాక్టరు తిన్నాడు, బాగుందన్నాడు. సాయంత్రం కూర్చుని, శుభ్రమైన ఇసుకలో కూడా తగరం వచ్చింది, ఈ మ్యాపును నమ్మవద్దు అని రిపోర్టు రాసినాడు. ఆఫీసు ఆ రిపోర్టును మర్యాదగా తీసుకుని, ఆయన కాంట్రాక్టు అయిపోగానే ఇంకా మర్యాదగా విమానం ఎక్కించింది. మ్యాపులో తగరం అట్లాగే నిలిచింది. లగన్ బతికినందుకు నాకు సంతోషం. దాంతోపాటు ఆ అబద్ధం బతికినందుకు కడుపుమంట. ఒకదాన్ని ఉంచుకుని రెండోదాన్ని పారేసే ఉపాయం నాకు ఇప్పటికీ తట్టలేదు. రెండూ ఒకే పొయ్యి మీద పుట్టినాయి.

వంటాయన అనుకున్నట్టే హమ్రియాలో గది తీసుకున్నాడు, ఒక దర్జీ షాపు వెనకాల. ఇప్పుడు అందరూ ఉస్తాద్ అంటారు. శుక్రవారాలు నేను మబేలా నుంచి బస్సెక్కి పోతాను, ఒక ప్లేటు ఊరికే పెడతాడు, నేను ఊరికే తిట్టిపోస్తాను. మొన్నొక శుక్రవారం నేను తింటా ఉండగా ఒక కుర్ర దొర వచ్చినాడు, వెంట కొత్త కంపెనీ మనిషి. వీళ్లది పాత కంపెనీ కాదు, దాని మ్యాపు కొనుక్కున్న కంపెనీ. ఎడారి క్యాంప్‌కు వంట కావాలంట.

"క్యాంప్ యాడ సార్?" అన్నాడు ఉస్తాద్.

"హైమా దాటి, తూర్పుకు."

ఉస్తాద్ నా వైపు చూసినాడు. "దేనికి?"

"తగరం" అన్నాడు కంపెనీ మనిషి, రహస్యం చెప్తున్నట్టు గొంతు తగ్గించి.

నేను చెయ్యి కూడా కడుక్కోకుండా లేచి, ఇసుక సంగతి, గరిటె సంగతి, దమ్ సంగతి అంతా చెప్పినాను. కుర్ర దొర శ్రద్ధగా విన్నాడు. చివర "కానీ మ్యాపులో ఉంది కదా" అన్నాడు. అన్నాక ఆయన చూపు గోడ వారగా పోయింది. అక్కడ లగన్, వెడల్పుగా, చదునుగా, తళతళమంటా.

"ఎంత పెద్ద పళ్లెం!" అన్నాడు. "చాలా శుభ్రంగా ఉంది."

ఉస్తాద్ లేచినాడు. లగన్‌ను రెండు చేతులా ఎత్తి బోర్లా వేసి, దాని మీద కూర్చున్నాడు.

"ఎంతమందికైనా వండుతా సార్. మట్టికి మాత్రం మీ పళ్లాలు మీరు తెచ్చుకోవాల."

"తెప్పించినాము" అన్నాడు కంపెనీ మనిషి. "పోర్ట్‌లో ఉన్నాయి. ఏదో కాగితం ఆలస్యం, అంతే."

వాళ్లు బేరం మాట్లాడుకుని, టీ తాగి, సలాం చెప్పి, గల్లీ మలుపు తిరిగినారు. ఉస్తాద్ మాత్రం లగన్ మీద నుంచి లేవలేదు.